మెదడు ఫోటో తీసిన మోనిజ్

ఎగాస్ మోనిజ్ 1874లో పోర్చుగల్‌లో పుట్టారు. లిస్బన్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్. అప్పట్లో తలకి ఎక్స్‌రే తీస్తే పుర్రె ఎముక కనిపించేది కానీ, లోపల ట్యూమర్ ఎక్కడుందో తెలిసేది కాదు. మెడ దగ్గరి ధమనిలోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి చూద్దామనుకున్నారు. గౌట్‌తో ఆయన చేతులు సహకరించవు, అందుకే ఆ పని సర్జన్ అల్మైడా లీమా చేసేవారు. మొదట్లో ఒక పేషెంట్ చనిపోయాడు. మందు మార్చారు. 1927లో మెదడు రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా ఫిల్మ్ మీద పడ్డాయి. కొమ్మ పక్కకి జరిగితే, అక్కడ ట్యూమర్ ఉందన్నమాట!

1949లో నోబెల్ వచ్చింది. కానీ దీనికి కాదు, మానసిక రోగుల మెదడులో నరాల దారులు కోసేసే ల్యూకోటమీకి. ఆ ఆపరేషన్ చాలామంది జీవితాలు పాడుచేసింది, తర్వాత డాక్టర్లే మానేశారు. 1955లో మోనిజ్ పోయారు. స్ట్రోక్ వచ్చినవాళ్ళ మెదడులో గడ్డ ఎక్కడుందో చూసి తీయడానికి ఇవాళ్టికీ వాడేది మాత్రం ఆయన ఆంజియోగ్రామ్‌నే.