మహామారికి మందు వెదకిన యెల్లాప్రగడ సుబ్బారావు

ప్లేగు క్రిమిని అలెగ్జాండర్ యెర్సిన్ 1894లో హాంకాంగ్ నగరమున కనుగొనెను. మరుసటి సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో యెల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. ఆయన పసిబిడ్డగా నున్న 1896లో ఆ తెగులు బొంబాయిలో ప్రవేశించెను. ఇరువది యేండ్లలో మన దేశమున ఇంచుమించు కోటిమంది దానికి బలియైరి.

క్రిమి తెలిసినను మందు తెలియలేదు. 1347 మొదలు 1351 వరకు ఐరోపాను పాడుచేసిన మహామారి దినములలో వైద్యులు చెడుగాలియే కారణమని తలంచి, రోగుల నరములు కోసి రక్తము తీసిరి. చంకలలోను గజ్జలలోను లేచిన గడ్డలను చీల్చిరి. సుగంధద్రవ్యములతో పొగ వేసిరి. ఎలుకను గాని మిన్నల్లిని గాని ఎవరును శంకింపలేదు. తరువాతి కాలమున ఓడలను రేవు వెలుపల నలువది దినములు నిలిపిన వెనిస్ వారి యేర్పాటు మాత్రము కొంత మేలు చేసెను.

సుబ్బారావుగారు వ్యాధిని పుస్తకములలో మాత్రమే యెరిగినవారు కారు. ఆయన సోదరులిద్దరు కొద్ది దినముల వ్యవధిలో స్ప్రూ అను జీర్ణకోశవ్యాధిచే మరణించిరి. అదే రోగము ఆయనను పట్టగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు మారుగా తక్కువ పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. భార్య శేషగిరిగారిని విడిచి 1923లో బోస్టన్ చేరిన ఆయన మరల స్వదేశమును చూడలేదు. ఆ వియోగపు వెలను ఆమెయే యెక్కువగా చెల్లించెననుట న్యాయము.

హార్వర్డులో పదునారేండ్లకు పైగా శ్రమించినను స్థిరమైన స్థానము లభింపక, 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరిరి. 1945లో అచ్చట ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమయ్యెను.

పెనిసిలిన్ ప్లేగు క్రిమిపై పనిచేయదు. స్ట్రెప్టోమైసిన్ పనిచేయునుగాని సూదిమందుగానే ఇయ్యవలెను. నోటితో మ్రింగదగిన మందు కొరకు సుబ్బారావుగారు డెబ్బది దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను నియమించి, నానాదేశముల మట్టిని శోధింపజేసిరి. మిస్సోరీలోని ఒక పొలపు మట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవి దొరకెను. దానినుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. కనుగొన్న కీర్తి డగ్గర్‌దే. వెదకించిన చూపు సుబ్బారావుగారిది. ఆ యేడు ఆగస్టులోనే, ఏబదిమూడవ యేట, ఆయన నిద్రలో మృతినొందిరి.

ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఆ జాతిలోని డాక్సీసైక్లిన్ నేటికిని, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్‌లతోపాటు, ప్లేగునకు ఇయ్యబడుచున్నది. 1994 సెప్టెంబరులో సూరతులో ప్లేగు పొడచూపినప్పుడు వేలకొలది జనులు పట్టణము విడిచిరి. నిలిచినవారు టెట్రాసైక్లిన్ గుళికలకై మందుల దుకాణముల యెదుట బారులు తీరిరి. మరుసటి సంవత్సరము, ఆయన శతజయంతికి, భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ల వెలువరించెను.