కెమెరా పలుపు విప్పిన మూర్నౌ

సినిమా పుట్టిన కొత్తలో కెమెరా చాలావరకు గుంజకు కట్టేసిన గొడ్డే. ముక్కాలి స్టాండు మీద నిలబెడితే ఎదురుగా జరిగేది చూసేది, అంతే. కదిలించినవాళ్ళు అసలు లేకపోలేదు. 1914 నాటి ఇటలీ చిత్రం 'కబీరియా'లో కెమెరా బండెక్కి నడిచింది. కాని మనిషి గుండెలో జరిగేదాన్ని చూపడానికి కెమెరాను నడిపించినవాడెవరంటే నేను ముందుగా చెప్పే పేరు జర్మన్ దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ.

ఆయన 1888 డిసెంబరు 28న బీలెఫెల్డ్‌లో పుట్టాడు. అసలు ఇంటిపేరు ప్లుంపె. మూర్నౌ అన్నది బవేరియాలో ఒక ఊరు. ఊరిపేరు ఇంటిపేరు కావడం మనకి కొత్తేం కాదు గాని, ఆయన దాన్ని కావాలని పెట్టుకున్నాడు. హైడెల్‌బర్గ్‌లో చదివి, మాక్స్ రైన్‌హార్ట్ దగ్గర నాటకాలు నేర్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కాల్బలంలో చేరి, తర్వాత విమానదళానికి మారాడు. 1917లో విమానం స్విట్జర్లాండులో దిగడంతో అక్కడే నిర్బంధంలో ఉండిపోయాడు. నేలని పైనుంచి చూసిన కళ్ళు కనుకనే కెమెరాని ఒకచోట ఉంచలేకపోయాడేమోనని నా అనుమానం.

1922లో తీసిన 'నోస్‌ఫెరాటు' డ్రాకులా కథే. అనుమతి లేకుండా తీశారని రచయిత భార్య కోర్టుకెక్కింది. ప్రతులన్నీ నాశనం చెయ్యమని తీర్పు వచ్చినా కొన్ని మిగిలాయి, మన అదృష్టం.

అసలు సంగతి 1924లో వచ్చిన 'ఆఖరి మనిషి'లో ఉంది. పెద్ద హోటలు గుమ్మం దగ్గర బంగారు గుండీల కోటు వేసుకుని నిలబడే ముసలాయన కథ. వయసు మళ్ళిందని యాజమాన్యం ఆ కోటు విప్పించి, మరుగుదొడ్ల దగ్గర తువ్వాళ్ళు అందించే పనిలో పెడుతుంది. తలపాగా లేకుండా రచ్చబండ దగ్గరికి రాని పెద్దల్ని చూసి పెరిగినవాణ్ణి, నాకీ కథ పరాయిదనిపించలేదు. కథ రాసింది కార్ల్ మాయర్, నటించింది ఎమిల్ యానింగ్స్. ఇది మూకీ చిత్రమే అయినా మధ్యలో అక్షరాల అట్టలు దాదాపు లేవు. చెప్పాల్సిన బరువంతా కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ మీద పడింది. ఆయన కెమెరాని సైకిలు మీద పెట్టి లిఫ్టులో దిగి, హాలు దాటి, తిరిగే తలుపు దాకా పోనిచ్చాడు. ముసలాయన తాగిన ఘట్టంలో కెమెరాని ఛాతీకి కట్టుకుని తూలాడు. ఫిజిక్సులో సాపేక్ష చలనం చదువుకున్న మనకి ఇది తేలిగ్గా అర్థమౌతుంది: కుర్చీలో కూచున్న మనకి గది తూలితే, తాగింది మనమే. చివర్లో ముసలాయనకి హఠాత్తుగా ఆస్తి కలిసిరావడం మాత్రం నాకు నచ్చలేదు. అది అతికించిన ముగింపు.

తర్వాత ఫాక్స్ కంపెనీ పిలిస్తే అమెరికా వెళ్ళి 1927లో 'సన్‌రైజ్' తీశాడు. పట్నం పిల్ల మోజులో పడ్డ రైతు పెళ్ళాన్ని నీళ్ళలో ముంచి చంపాలనుకుంటాడు. వెన్నెల రాత్రి బురదనేలలో ఆమె కోసం నడుస్తుంటే కెమెరా అతని వెనకాలే పోతుంది. దానికోసం పైకప్పు నుంచి పట్టాలు వేలాడదీశారు. కాస్సేపటికి కెమెరా అతన్ని వదిలేసి, కొమ్మల్ని తోసుకుంటూ ముందే ఆమె దగ్గరికి చేరుతుంది. అతని కాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి, మనసు మాత్రం ముందే వెళ్ళిపోయింది! తర్వాత ట్రాములో, చావు తప్పించుకున్న భార్య తలొంచుకుని ఏడుస్తుంటే కిటికీల్లోంచి అడవి పోయి ఊరొస్తుంది. ఇద్దరూ కదలరు. ఆ కుదుపుల్లో ఉన్నంత పశ్చాత్తాపం ఏ డైలాగులో ఉంటుంది?

ఈ సినిమా వచ్చిన రెండు వారాలకే 'జాజ్ సింగర్' మాటలతో వచ్చింది. చప్పుడు వినబడకూడదని కెమెరాని పెట్టెలో బిగించి మళ్ళీ కట్టేశారు. 1929లో జరిగిన మొదటి ఆస్కార్ సభలో 'సన్‌రైజ్'కి బహుమతులొచ్చాయి గాని పెట్టిన డబ్బు రాలేదు.

మూర్నౌ దక్షిణ సముద్ర దీవులకెళ్ళి 'టాబు' తీశాడు. అది 1931 మార్చి 18న విడుదలైంది. అంతకు వారం ముందే, మార్చి 11న, కారు ప్రమాదంలో ఆయన పోయాడు. అప్పటికి నలభై రెండేళ్ళు. ఫ్రాయిండ్ కూడా అమెరికా చేరి, చైనా రైతుల కథ 'గుడ్ ఎర్త్' ఫొటోగ్రఫీకి ఆస్కార్ అందుకున్నాడు. అది నేనింకా చూడాలి.