39 అంకెల సంఖ్య – ఒక లెక్కల మాష్టారు

మూడు మేకులు, ఒకదానికి గుచ్చిన చిల్లుల బిళ్ళలు. ఒక్కొక్కటే తీసి వేరే మేకుకు మార్చాలి. చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. ఈ ‘హనోయి గోపురం’ ఆటను మనలో చాలామంది అట్టముక్కలతో ఆడినవాళ్ళమే. దాన్ని కల్పించినది ఒక ఫ్రెంచి బడిపంతులని మాత్రం నేను కూడా పంతులునయ్యాకే తెలిసింది.

ఆయన పేరు ఎడువార్ లుకా. 1842లో ఆమియెన్ పట్టణంలో పుట్టారు. పారిస్ వేధశాలలో కొన్నాళ్ళు, 1870 ప్రష్యా యుద్ధంలో ఫిరంగి దళాధికారిగా కొన్నాళ్ళు పనిచేసి, 1872లో మూలాఁ ఊళ్ళో లెక్కల మాష్టారయ్యారు. తర్వాత పారిస్ వెళ్ళినా చేసింది బడి ఉద్యోగమే.

ఆ ఆటలో మూడు బిళ్ళలైతే 7 ఎత్తులు, ఏడు బిళ్ళలైతే 127. అంటే 2ను అన్నిసార్లు వేసి గుణించి, 1 తీసేయడమే. ఇలాంటి సంఖ్యల్లో ఏవి ప్రధాన సంఖ్యలో మెర్సెన్ అనే సన్యాసి 1644లో ఒక జాబితా ఇచ్చాడు. అందులో 67, 127 ఉన్నాయి. రుజువు లేదు. 127కు వచ్చే సంఖ్య ఇది:

170141183460469231731687303715884105727

ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూద్దామంటే పది తరాలకైనా తెమలదు. లుకా అసలు భాగించి వెతకలేదు. 3తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషాన్ని మళ్ళీ అలాగే చేస్తూ పోయారు. చిన్నదానితో, అంటే ఏడు బిళ్ళల 127తోనే చూడండి: 3, 7, 47, 48, 16, 0. ఆరో మెట్టులో సున్న వచ్చింది కనుక 127 ప్రధాన సంఖ్యే. తొమ్మిదో తరగతి పిల్లల చేత బోర్డు మీద చేయించాను, ఆ సున్న దగ్గర కేకలు పెట్టారు! పెద్దదానికైతే ఇలాంటి వర్గాలు 125 వేయాలి, ఒక్కొక్కటీ 39 అంకెల సంఖ్యతో. సున్నలు, ఒకట్లు మాత్రమే వాడి, 127 అడ్డు వరుసలు, 127 నిలువు వరుసలున్న చదరంగం బల్ల మీద పావులతో చేసే దారి కూడా ఆయన చూపారు. 1876లో తేల్చేశారు: అది ప్రధాన సంఖ్యే. 67 విషయంలో మాత్రం మెర్సెన్ పొరబడ్డాడన్నారు. అయితే దాని కారణాంకాలు ఆయనకూ దొరకలేదు.

1883లో గోపురం ఆటను బజారులోకి తెచ్చినప్పుడు సొంత పేరు పెట్టుకోలేదు. సయాం దేశపు క్లాస్, లీ-సూ-స్తియాన్ కళాశాల ఆచార్యుడు అని వేయించారు. ఆమియెన్ లుకా అన్న అక్షరాలనూ, తాను పాఠాలు చెప్పే సేంట్ లూయీ బడి పేరునూ కలగాపులగం చేస్తే వచ్చినవవి. స్టాఫ్ రూములో ఎంత నవ్వుకుని ఉంటారో!

1891లో మార్సేల్ నగరంలో సైన్సు సభల విందులో వడ్డించే మనిషి చేతిలోంచి పింగాణీ జారి పగిలింది. ఒక పెంకు లుకా చెంపకు తగిలింది. ఆ గాయం చీము పట్టి, కొద్ది రోజులకే, అక్టోబరు 3న పోయారు. ఏభై ఏళ్ళయినా నిండలేదు.

1903లో అమెరికాలో కోల్ అనే ఆచార్యుడు 67 తాలూకు సంఖ్యను విడగొట్టి చూపాడు: 193707721ని 761838257287తో గుణిస్తే అది వస్తుంది. లుకా చెప్పిందే నిజమయింది. ఆ 39 అంకెల సంఖ్యను మించిన ప్రధాన సంఖ్య 1951 దాకా ఎవరికీ దొరకలేదు.