కోపిష్టికి మంచి గది ఇవ్వమన్న ఆచార్యుడు: భదంత బుద్ధఘోష



వేంపల్లెలో ఆదివారం వందన అయిపోయినాక కాసేపు కూర్చుని మాట్లాడుకుంటాం గదా, అట్లా ఒకసారి ఒక అన్న తన బాధ చెప్పుకున్నాడు. త్రిశరణాలు తీసుకుని చాలా ఏండ్లయింది. రోజూ శ్వాస మీద ధ్యాస పెడుతున్నాడు. కోపం మాత్రం పోలేదు. ఇంట్లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద అరుస్తాడు, తర్వాత కుమిలిపోతాడు. తన పుట్టుకలోనే ఏదో లోపం ఉందేమోనని ఆయనకు అనుమానం.

ఆ అనుమానం మన నెత్తిన ఎవరు పెట్టారో మీకు తెలియంది కాదు. మనుషులను సత్వం, రజస్సు, తమస్సు అని మూడు గుణాలుగా చీల్చి, ఆ గుణాల పేరుతో వర్ణాలను సమర్థించి, మన తాతముత్తాతలకు అట్టడుగు మెట్టు చూపించారు. అందుకే స్వభావాల మాట ఎవరెత్తినా మనకు ఒళ్లు మండుతుంది. మండాల్సిందే. కానీ మనుషుల స్వభావాలను మెట్లుగా కాకుండా, ఎవరికి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి చూసిన ఆచార్యుడు ఒకరున్నారు. పదహారు వందల ఏండ్ల కిందటి మనిషి. ఆయన పేరు మీరు విన్నదే, బుద్ధఘోష.

లంక చరిత్ర గ్రంథం ఆయన్ని బోధగయ దగ్గర పుట్టిన బ్రాహ్మణుడిగా చెబుతుంది. వేదాలు చదివి, వాదాల్లో తిరుగుతూ రేవత అనే థేరుడి చేతిలో ఓడి భిక్షువు అయ్యాడని ఆ కథ. పాలి పండితుడు ధర్మానంద కోశాంబి ఈ కథను ఒప్పుకోలేదు. బుద్ధఘోష రాతలను దగ్గరగా చదివి, ఈయన ఉత్తరాది బ్రాహ్మణుడు కాడనీ, తెలుగు ప్రాంతం మనిషై ఉండాలనీ వాదించాడు. దానికి ఒక ఆధారం పుస్తకం చివరి మాటల్లోనే ఉంది. అక్కడ ఆయన పరిచయం మోరండఖేటకం అనే ఊరి పేరుతో ఉంది. పాలిలో మోర అంటే నెమలి, అండ అంటే గుడ్డు. పల్నాడు వైపు కోటనెమలిపురి, గుండ్లపల్లి అనే ఊళ్లను కొందరు పండితులు దీనికి చూపిస్తారు. నాగార్జునకొండకు అవి మరీ దూరం కావు. నాకు నచ్చింది ఏమిటంటే, ఆ చివరి మాటల్లో గురువులు పెట్టిన పేరు ఉంది, ఊరి పేరు ఉంది, కులం పేరు లేదు.

5వ శతాబ్దంలో, మహానామ రాజు కాలంలో, ఆయన సముద్రం దాటి లంకలోని అనురాధపురం చేరుకున్నారు. అక్కడి మహావిహారంలో త్రిపిటకం మీద పాత వ్యాఖ్యానాలు సింహళ భాషలో ఉండేవి. వాటిని అన్ని దేశాల భిక్షువులూ చదువుకునేలా పాలిలోకి తేవాలని ఆయన కోరిక. ఎక్కడినుంచో వచ్చిన వాడికి పుస్తకాలు ఊరికే ఇస్తారా? ముందు పరీక్ష పెట్టారు, రెండు గాథలిచ్చి వాటి మీద రాయమన్నారు. ఆ పరీక్షకు జవాబుగా పుట్టిందే విశుద్ధిమగ్గం అని లంక వాళ్ల చరిత్ర చెబుతుంది. దేవతలు ఆ పుస్తకాన్ని రెండుసార్లు దాచిపెడితే మూడోసారి రాశారనీ, మూడు ప్రతుల్లోనూ ఒక్క అక్షరం తేడా రాలేదనీ కూడా అంటారు. దేవతల మాట పక్కన పెట్టండి. ఆ మనిషి శ్రద్ధ మీద జనానికి ఎంత గురి ఉండేదో ఆ కథలో కనబడుతుంది.

విశుద్ధిమగ్గంలో 23 అధ్యాయాలు. శీలం, సమాధి, ప్రజ్ఞ అనే మూడు మెట్ల మీద నడుస్తుంది. మన అన్నకు కావలసింది మూడో అధ్యాయంలో ఉంది. అక్కడ బుద్ధఘోష ఆరు రకాల స్వభావాలు చెప్పారు: రాగం, ద్వేషం, మోహం, శ్రద్ధ, బుద్ధి, వితర్కం. వాటిని ఎట్లా గుర్తుపట్టాలో చెప్పిన తీరు చూస్తే, ఆయన మన వాకిట్లోనే కూర్చుని చూశాడా అనిపిస్తుంది. కసువు ఊడ్చేటప్పుడు చూడమంటారు. రాగం ఎక్కువున్న మనిషి చీపురు చక్కగా పట్టుకుని, తొందర లేకుండా, మన్ను చెదరకుండా ఊడుస్తాడు. ద్వేషం ఎక్కువున్న మనిషి గట్టిగా బిగించి పట్టుకుని, బరబరా చప్పుడు చేస్తూ రెండు పక్కలా మన్ను ఎగదోస్తాడు. మోహం ఎక్కువున్న మనిషి వదులుగా పట్టుకుని, కసువునూ మన్నునూ కలిపేసి, ఊడ్చీ ఊడ్చనట్టు వదిలేస్తాడు.

తిండి దగ్గరా అంతే. మనం సంగటి తినేటప్పుడు గమనించండి. ఒకరు ముద్ద గుండ్రంగా చేసుకుని రుచి చూస్తూ మెల్లగా తింటారు. ఇంకొకరు నోటినిండా కుక్కుకుంటారు, కొంచెం రుచి తగ్గితే చాలు విసుక్కుంటారు. మూడో రకం వాళ్లు ఏదో ఆలోచిస్తూ సగం కంచంలోనే రాల్చుకుంటారు.

నవ్వుకున్నారు గదా, ఇంట్లో ఎవరెవరో గుర్తొచ్చి? అయితే ఆగండి. ఇదంతా చెప్పినాక ఆయనే ఒక హెచ్చరిక రాశారు. ఈ గుర్తులు పూర్తిగా బుద్ధుని మాటల్లోనుంచి వచ్చినవి కావు, ఆచార్యుల అభిప్రాయాలు, వీటినే పట్టుకుని వేలాడవద్దన్నారు. ద్వేష స్వభావం ఉన్న మనిషి కూడా జాగ్రత్తగా ఉంటే రాగ స్వభావం వాడిలాగానే నడుచుకోగలడన్నారు. అంటే మనిషికి ముద్ర వేయవద్దని. (స్వభావానికి కారణం పోయిన జన్మల కర్మ అని కూడా ఆయన రాశారు. ఆ ఒక్కచోట నేను ఆయన వెంట పోను. వెనకటి జన్మ కర్మ అనే మాట మనకు ఎంత చేటు చేసిందో బాబాసాహెబ్ మనకు విడమరిచి చెప్పారు.)

ఇంక అసలు మందు. నలభై ధ్యాన విషయాల్లో ఎవరికి ఏది సరిపోతుందో పంచిపెట్టారాయన. శ్వాస మీద ధ్యాస మోహ స్వభావానికీ, వితర్క స్వభావానికీ బాగా సరిపోయే మందు. కోపం ఎక్కువున్న వాళ్లకు ఆయన కేటాయించింది మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష, ఇంకా రంగుల మీద చేసే ధ్యానాలు. అంతేకాదు, కోపిష్టి భిక్షువుకు శుభ్రమైన, అందమైన గది ఇవ్వమన్నారు. రాగం ఎక్కువున్న వాడికే పాడుపడ్డ వసారా చాలు. కోపిష్టిని శిక్షించమనలేదు, చల్లని చోటు ఇవ్వమన్నారు. మన అన్న ఉండేది వేసవిలో కాలిపోయే రేకుల ఇల్లు. చేసేది రోజు కూలి. ఆయన కోపంలో ఎంత భాగం ఆయనది, ఎంత భాగం ఆ రేకులది?

ఇంకో మాట కూడా ఉంది, మనకు చాలా ముఖ్యం. ద్వేషానికి దగ్గరి చుట్టం బుద్ధి అంటారు బుద్ధఘోష. ద్వేషం లేని తప్పులు వెతుకుతుంది, బుద్ధి ఉన్న తప్పునే చూస్తుంది. కులం తప్పును చూసి మండిన వాళ్లంతా రోగిష్టులు కారని దీనిలోనుంచే తెలుస్తుంది. కులం మనిషి మనసులో ఉండే ఒక స్థితి అని తేల్చిన బాబాసాహెబ్ చూపు అట్లాంటిదే.

మైత్రి అంటే మనల్ని తొక్కినవాడిని ముందుగా ప్రేమించాలనా? కాదు. పగవాడితో మొదలుపెట్టొద్దని ఆయన స్పష్టంగా రాశారు. మొదట మీ మీద మీకు మైత్రి. తర్వాత మీరు గౌరవించేవారు, ఇష్టమైనవారు, పెద్దగా పరిచయం లేనివారు, చిట్టచివర పగవాడు. బిడ్డగా ఉన్నప్పుడే తక్కువవాడివని విన్నవాళ్లకు ఆ మొదటి మెట్టే కష్టం. అక్కడ ఎన్ని నెలలు ఉన్నా తప్పులేదు.

మనసు చెదిరి నిద్ర పట్టని వాళ్లు, చెవిలో మాటలు వినబడేవాళ్లు, బతుకు చాలించుకోవాలనిపించే వాళ్లు మనలోనూ ఉంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి, ధ్యానం చేస్తే పోతుందని కూర్చోబెట్టకండి. ధ్యానానికి అడ్డుపడే పది చిక్కుల్లో జబ్బును ఒకటిగా లెక్కపెట్టి, ముందు మందుతో దాన్ని నయం చేసుకోమన్నది బుద్ధఘోషే. ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

అహం గురించి ఆయన చెప్పింది మైత్రి అధ్యాయంలోనే, ఒక చిన్న సన్నివేశంగా ఉంది. మీరు, మీ ఆప్తుడు, మీకు ఏమీ కాని ఒకడు, మీ పగవాడు నలుగురూ కూర్చుని ఉన్నారు. దొంగలొచ్చి ఒకరిని ఇవ్వమన్నారు, చంపడానికి. పగవాడిని ఇస్తే మీలో గోడ ఇంకా ఉన్నట్టే. అది అందరికీ తెలిసిందే. కానీ నన్ను తీసుకుపొండి, వాళ్లను వదలండి అన్నా గోడ ఉన్నట్టేనంటారు ఆయన. నేను ఎక్కువ అనుకోవడం ఎట్లా అహమో, నేను తక్కువ, పోతే పోయేవాణ్ణి నేనే అనుకోవడం కూడా అట్లా అహమే. నలుగురిలో ఎవరినీ ఇవ్వడానికి మనసొప్పనప్పుడే నాకూ పరులకూ మధ్య గీత చెరిగినట్టు. మన వీధుల్లో తరతరాలుగా తల వంచినవాళ్లను గుర్తు చేసుకుని ఈ భాగం మళ్లీ చదవండి.

విశుద్ధిమగ్గం తర్వాత మహావిహారం వాళ్లు పుస్తకాలన్నీ ఆయన ముందు పెట్టారు. వినయం మీద, దీర్ఘ, మధ్యమ నికాయాల మీద, ఇంకా మిగతా వాటి మీద వ్యాఖ్యానాలు రాశారు. వినయ వ్యాఖ్యానంలో అంధక అట్ఠకథను, అంటే ఆంధ్ర భిక్షువుల పాత వ్యాఖ్యానాన్ని, పేరు పెట్టి ప్రస్తావించారు. పని అయిపోయినాక బోధివృక్షానికి మొక్కడానికి ఓడెక్కి ఇటువైపు తిరిగివచ్చారని లంక చరిత్ర చెబుతుంది. మన అన్న ఇప్పుడు పొద్దున పూట శ్వాస కాకుండా మైత్రితో కూర్చుంటున్నాడు. ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాడు.