బొద్దింకలే ఆమె ల్యాబ్ బడ్జెట్!

రెజ్యూమెలో రెండేళ్ల గ్యాప్ ఉంటేనే ఇంటర్వ్యూలో ఏం చెప్పాలా అని మనం టెన్షన్ పడతాం. బెర్టా షారర్ దాదాపు 20 ఏళ్లు సరైన ఉద్యోగం లేకుండానే గడిపారు. చేతిలో పీహెచ్‌డీ ఉంది, పేపర్లు అచ్చవుతున్నాయి. ప్రొఫెసర్ పోస్టు మాత్రం రాలేదు. అయినా మెదడు ఎలా పనిచేస్తుందన్న లెక్కనే మార్చినవాళ్లలో ఆమె ఒకరు.

ఆమె 1906 డిసెంబర్ 1న జర్మనీలోని మ్యూనిక్‌లో పుట్టారు. తేనెటీగల నిపుణుడు కార్ల్ వాన్ ఫ్రిష్ దగ్గర పరిశోధన చేసి 1930లో డాక్టరేట్ అందుకున్నారు. 1934లో తోటి శాస్త్రవేత్త ఎర్నెస్ట్ షారర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఎర్నెస్ట్ 1928లోనే ఓ చేప మెదడులో వింత కణాలను గుర్తించారు. అవి చూడ్డానికి నాడీకణాలే, కానీ గ్రంథుల్లా ఏదో స్రవిస్తున్నాయి. నాడుల పని సిగ్నల్ పంపడమే, హార్మోన్ల సంగతి గ్రంథులు చూసుకుంటాయని నమ్మే రోజులవి. ఆయన మాట చాలామందికి మింగుడు పడలేదు.

ఒక్క చేపతో వాదన నిలబడదు కదా! అందుకే భార్యాభర్తలు జంతు ప్రపంచాన్ని పంచుకున్నారు. వెన్నెముక ఉన్నవి ఆయనకు, లేనివి ఆమెకు. సముద్రపు నత్తల్లోనూ ఆమెకు అలాంటి కణాలే దొరికాయి.

జర్మనీలో నాజీల పాలన భరించలేక 1937లో ఇద్దరూ అమెరికా వెళ్లిపోయారు. రెండు సూట్‌కేసులు, తలా 4 డాలర్లు... అంతే ఆస్తి. షికాగోలో ఫెలోషిప్ ఆయనకే వచ్చింది. భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగం ఇవ్వకూడదన్నది అప్పట్లో అక్కడి యూనివర్సిటీల పద్ధతి. ఆమెకు జీతం లేదు, జంతువులు కొనడానికి బడ్జెట్టూ లేదు. దాంతో బిల్డింగ్ బేస్‌మెంట్‌లో తిరిగే బొద్దింకల మీద పడ్డారు. తర్వాత న్యూయార్క్‌లో, ల్యాబ్ కోతులతోపాటు ఓడలో వచ్చిన మరో రకం బొద్దింకలు కనిపించాయి. ఇవి నెమ్మదిగా కదులుతాయి, ఆపరేషన్‌కు తేలిక. ఏ ఊరు మారినా వాటిని వెంట తీసుకెళ్లి పెంచారు.

ఆమె పేరు నిలబెట్టిన ప్రయోగం 1952లో అచ్చయింది. బొద్దింక మెదడు వెనక కార్పస్ కార్డియాకం అనే చిన్న అవయవం ఉంటుంది. అందులో కనిపించే స్రావం అక్కడే తయారవుతోందా, మెదడు నుంచి వస్తోందా? బెర్టా ఆ రెండింటినీ కలిపే నాడిని కత్తిరించి చూశారు. కాలువకు అడ్డుకట్ట వేస్తే పైన నీళ్లు నిలిచి, కింద ఎండిపోతుంది. ఇక్కడా అంతే. మెదడు వైపు స్రావం పేరుకుపోయింది, అవతల ఉన్న అవయవంలో తగ్గిపోయింది. అంటే సరుకు మెదడు కణంలో తయారై, నాడీ పోగు గుండా ప్రయాణించి, ఆ అవయవంలో నిల్వ ఉంటోందన్నమాట. ఏ లైన్ తీసేస్తే ఏది ఆగుతుందో చూసి తప్పు పట్టుకునే కోడర్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

మనిషిలోనూ ఇదే ఏర్పాటు ఉంది. కాన్పు సమయంలో గర్భాశయాన్ని సంకోచింపజేసే ఆక్సిటోసిన్ హైపోథాలమస్‌లో తయారై, నాడుల గుండానే పిట్యూటరీకి చేరుతుంది.

1955లో న్యూయార్క్‌లో కొత్తగా మొదలైన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీ ఇద్దరినీ తీసుకుంది. 48 ఏళ్ల వయసులో ఆమె నేరుగా ఫుల్ ప్రొఫెసర్ అయ్యారు. 1963లో ఇద్దరూ కలిసి న్యూరోఎండోక్రినాలజీ పుస్తకం తెచ్చారు. మరో రెండేళ్లకే ఎర్నెస్ట్ ఈతకు వెళ్లి మునిగి చనిపోయారు. ఆ దుఃఖంలోనే ఆమె డిపార్ట్‌మెంట్ బాధ్యతలు కొంతకాలం మోశారు. 1967లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. తర్వాత నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ కూడా వరించింది. రిటైరయ్యాక కూడా ల్యాబ్ వదల్లేదు. 1995 జులై 23న కన్నుమూశారు.

ఈ కథ చదివి ఫ్రీగా పనిచేయడం గొప్ప అనుకోకండి. ఆమెకు జరిగింది అన్యాయమే. ఇంట్లో ఒక జీతం ఉంది కాబట్టి తట్టుకోగలిగారు, ఆ వీలు అందరికీ ఉండదు. మనం తీసుకోవాల్సింది వేరే ఉంది. ఉద్యోగం లేని ఏళ్లలోనూ ఒకే ప్రశ్నను పట్టుకున్నారు, దొరికిన వాటితోనే పని చేశారు, చేసిన ప్రతిదీ రాసి అచ్చు వేయించారు. అవకాశం తలుపు తట్టిన రోజున చూపించడానికి ఆమె దగ్గర 20 ఏళ్ల పని సిద్ధంగా ఉంది. మరి మీ గ్యాప్‌లో చూపించడానికి ఏం తయారవుతోంది?