బాపు

బాపుగా ప్రసిద్ధుడైన సత్తిరాజు లక్ష్మీనారాయణ (డిసెంబర్ 15, 1933 - ఆగష్టు 31, 2014) చిత్రకారుడు, సినిమా దర్శకుడు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో జన్మించాడు. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొందినా, ఆ వృత్తి చేపట్టక ఆంధ్రపత్రికలో వ్యంగ్య చిత్రకారునిగా చేరాడు. 1967లో "సాక్షి"తో దర్శకుడయ్యాడు. 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

చేతివ్రాత

బాపు తన బొమ్మలతో పాటు కథల శీర్షికలను, పుస్తకాల పేర్లను కూడా స్వయంగా వ్రాసేవాడు. సీసపు అచ్చులలో అక్షరాలు ఒకే తీరుగా ఉండగా, ఇతని అక్షరాలలో గీత మందం మారుతూ, కొమ్ములు, ఒత్తులు కొంటెగా సాగుతాయి. ఈ వ్రాత ఆధారంగా తరువాత కంప్యూటర్ ఫాంట్లు తయారై, శీర్షికలకు విరివిగా వాడుకలోకి వచ్చాయి. చేతితో వ్రాసినప్పుడు ఒకే అక్షరం సందర్భాన్నిబట్టి రూపు మార్చుకొంటుంది. ఫాంటులో సాధారణంగా ప్రతిసారీ ఒకే రూపం వస్తుంది. అందువలన బాపు స్వయంగా వ్రాసిన శీర్షికలు ఈనాటికీ విడిగా గుర్తుపట్టదగినవి, భద్రపరచదగినవి.