వసూళ్లలో వాటా వద్దన్న దివాన్

సాలార్‌జంగ్ అనగానే మీకు మ్యూజియమే గుర్తొస్తుంది కదూ! ఆ వస్తువుల్లో చాలావరకు మూడో సాలార్‌జంగ్ సేకరించినవి. ఆయన తాత మొదటి సాలార్‌జంగ్, అంటే మీర్ తురాబ్ అలీ ఖాన్, సర్దిచెప్పింది వేరే లెక్క. సంగారెడ్డి, పటాన్‌చెరుల్లో ట్యాక్స్ కన్సల్టెంట్‌గా స్థిరపడాలనుకుంటే ఆయన కథ మీకు పనికొస్తుంది.

1829లో పుట్టిన ఆయన, కుర్రతనంలోనే ఖమ్మంలో తాలూక్‌దారుగా చేసి శిస్తు వ్యవహారాన్ని దగ్గర్నుంచి చూశారు. 1853లో, 24 ఏళ్లకే నిజాం రాజ్యానికి దివాన్ అయ్యారు. చేతికొచ్చింది ఖాళీ ఖజానా. అప్పులకింద బీరార్ ఆ ఏడాదే ఇంగ్లిష్‌వాళ్ల అజమాయిషీలోకి పోయింది.

రోగం ఎక్కడుంది? వసూళ్లు గుత్తేదార్ల చేతిలో ఉండేవి. సర్కారుకు ఇంత కడతానని ఒప్పుకుని, పైన ఎంత పిండితే అంత వాళ్లదే. రైతు ఎంత కట్టాడో ఖజానాకు తెలిసేది కాదు. కొన్ని తాలూకాలైతే అప్పులిచ్చినవాళ్ల దగ్గర తాకట్టులో ఉండేవి.

ఆయన వాటిని ఒక్కొక్కటిగా విడిపించుకున్నారు. గుత్తేదార్ల స్థానంలో జీతానికి పనిచేసే అధికారులను పెట్టారు. 1865లో జిలాబందీ తెచ్చి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టారు. ధాన్యం బదులు నగదుగా శిస్తు కట్టే పద్ధతి పెంచారు. ఒక్కరోజులో అయిన పని కాదిది. 1883లో కలరాతో చనిపోయేదాకా, దాదాపు 30 ఏళ్లు ఆ పదవిలోనే ఉన్నారు.

ఇప్పుడు మీ సంగతి చూద్దాం. బీకాం చదివినవాళ్లు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకుని, నిర్ణీత పరీక్ష పాసైతే చిన్న యూనిట్ల రిటర్నులు వేయొచ్చు. ఫ్యాక్టరీ ఉద్యోగుల ఫారం 16లు, ఐటీ రిటర్నులతోనూ పని దొరుకుతుంది. అయితే ‘రీఫండ్ ఎక్కువ రప్పిస్తా, అందులో నాకింత శాతం’ అనే బేరం జోలికి మాత్రం పోకండి. వాటా ఆశ ఉంటే, కట్టని అద్దె, ఇవ్వని విరాళం రాయాలనిపిస్తుంది. అది బయటపడితే, తగ్గించి చూపిన పన్నుపై 200 శాతం దాకా జరిమానా పడొచ్చు. ఆ నోటీసు వచ్చేది మిమ్మల్ని నమ్మిన కార్మికుడికి.

అందుకే ఫైలుకు ఇంత అని ఫీజు ముందే చెప్పండి. ప్రతి మినహాయింపుకూ రసీదు అడగండి. లేదంటే రాయనని చెప్పేయండి. ఒకరిద్దరు వెళ్లిపోయినా, నోటీసుల భయం లేనివాళ్లు మరుసటేడూ మీ దగ్గరికే వస్తారు.